కాదన్నాక వచ్చే మాట

అష్టావధాన సభలో జనం చెవులు రిక్కించేది అప్రస్తుత ప్రసంగం దగ్గర. ఆ మూల కూర్చున్న పెద్దమనిషి పద్యం సగంలో ఉండగా దూరి, "అవధానిగారూ, ఈపూట మీ ఇంట్లో వంకాయ కూరేనా?" అన్న ధోరణిలో ఏదో ఒకటి అడుగుతాడు. హాలంతా గొల్లుమంటుంది. సమస్య విడిపోతే చప్పట్లు మోగుతాయి. దత్తపదికి ఇచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలు తెలుగు పద్యంలో ఒద్దికగా ఒదిగితే ఆహాలు వినిపిస్తాయి. నిషిద్ధాక్షరి వంతు వచ్చేసరికి మాత్రం సందడి తగ్గుతుంది. ఒక అక్షరం, ఒక నిషేధం, ఇంకో అక్షరం, ఇంకో నిషేధం. వెనక వరసల్లోవాళ్లు కాఫీకి లేచేది ఆ కాసేపట్లోనే. మనసూ ఆలోచనా కవిత్వమూ ఒకదాన్నొకటి ఎలా పట్టుకుని నడుస్తాయో చూడాలనుకునేవారు అప్పుడే కుర్చీ ముందుకు జరుపుకోవాలి. అలా కళ్లెదుట చూపించే చోటు మన సాహిత్యంలో మరొకటి కనిపించదు.

పద్ధతి తెలియనివారికి నాలుగు మాటలు. అడిగే మనిషి, అంటే పృచ్ఛకుడు, విషయం ఇస్తాడు, ఛందస్సు చెబుతాడు. చాలావరకు కందమే. అవధాని ఒక్క అక్షరం పలుకుతాడు. దాని వెనక ఏ మాట నడిచి వస్తోందో పసిగట్టి, ఆ మాటకు కావలసిన తర్వాతి హల్లును పృచ్ఛకుడు నిషేధిస్తాడు. ఆ హల్లు జోలికి పోకుండా అవధాని వేరే దారి చూసుకోవాలి. గణాలు చెడకూడదు, యతిప్రాసలు తప్పకూడదు, ఇచ్చిన విషయం చేజారకూడదు.

వాన మీద పద్యం అడిగారనుకుందాం. అవధాని "నీ" అన్నాడు. నీరు వస్తుందని ఎవరికైనా తోస్తుంది కాబట్టి పృచ్ఛకుడు 'ర' వద్దన్నాడు. అవధాని "ల" అన్నాడు, 'నీల' అయింది. నీలమేఘం రాకుండా 'మ' మూసేశాడు పృచ్ఛకుడు. అవధాని "గ" అన్నాడు. ఇంకేముంది, నీలగగనం. మరో 'గ' కూడా నిషిద్ధమే. ఇక్కడ ఒక క్షణం ఆగి, అవధాని "ళు" అన్నాడనుకోండి. నీలగళుడు! శివుడే వచ్చి నిలబడ్డాడు, నెత్తిన గంగతో సహా. నీరు, మబ్బు, ఆకాశం మూడు తలుపులూ పడిపోయాక వాన పద్యం జటాజూటంలోంచి జారబోయే గంగ దగ్గర తేలింది. పద్యం మొదలైనప్పుడు అవధాని బుర్రలో శివుడు లేడు, పృచ్ఛకుడి బుర్రలోనూ లేడు. మూడుసార్లు వద్దన్నందువల్ల వచ్చాడు.

మన చేతుల్లోని ఫోన్లు కూడా పృచ్ఛకుడి విద్యే నేర్చాయి. రెండు మాటలు కొట్టీకొట్టకముందే మూడో మాట ఏదై ఉంటుందో ఊహించి కీబోర్డు మీద పెడతాయి. ఊహించే నేర్పు ఇద్దరిదీ ఒకటే. ఫోను ఆ మాటను అందించడానికి ఊహిస్తుంది, పృచ్ఛకుడు ఆపడానికి ఊహిస్తాడు. పండగ శుభాకాంక్షలు పంపేటప్పుడు ఫోను చేసే ఉపకారం హాయిగానే ఉంటుంది. కవిత రాస్తున్నప్పుడు అదే ఉపకారం కొంప ముంచుతుంది. ఎవరికైనా ముందుగా తోచే మాటే అక్కడ వచ్చి కూర్చుంటుంది మరి.

సృజన ప్రస్తావన వస్తే మనం పుట్టుక గురించే అడుగుతాం. ఈ కథ ఎలా తట్టింది, ఆ వరస ఎక్కణ్నుంచి వచ్చింది, ప్రేరణ ఎవరు? ఏ రచయితను కూర్చోబెట్టినా ఇవే ప్రశ్నలు. పాపం వాళ్లు కూడా ఏదో ఒకటి చెబుతారు. వర్షం అంటారు, బాల్యం అంటారు, అమ్మ పాడిన పాట అంటారు. నిజానికి పుట్టుక ఎవరి చేతిలోనూ ఉన్నట్టు లేదు. ఊహలు ఆగకుండా వస్తూనే ఉంటాయి, స్నానం చేస్తుంటే, బస్సు కోసం నిలబడితే, పక్కవాళ్ల మాట వింటున్నట్టు తల ఊపుతుంటే. తొంభై పాళ్లు చెత్త. కవి మనసులోకి వచ్చే ఊహలకూ కూరల సంచీతో నడిచిపోయే మనిషి మనసులోకి వచ్చే ఊహలకూ రాశిలో పెద్ద తేడా ఉండకపోవచ్చు. తేడా అంతా వచ్చినదాన్ని చూసి ఎవరు ఎప్పుడు ఎంత నిక్కచ్చిగా 'ఇది కాదు' అన్నారన్న దగ్గర ఉంది. ఎరుక అనే మాటకు కళలో ఏదైనా పని ఉంటే అది ముఖ్యంగా ఈ పనే.

తెలుగు విమర్శలో చైతన్య స్రవంతి అని వాడుకుంటున్న భావనను ప్రచారంలోకి తెచ్చిన అమెరికన్ తత్వవేత్త విలియం జేమ్స్, 1890లో వెలువరించిన మనస్తత్వశాస్త్ర గ్రంథంలో ఒక చిన్న విషయం గమనించాడు. మరిచిపోయిన పేరును గుర్తు చేసుకునేటప్పుడు మనసులో ఏం జరుగుతుందన్నది ఆ విషయం. మనకు అది రోజూ ఉండే బాధే. పాత సినిమా చూస్తుంటాం. ఆ సన్నటి హాస్యనటుడు తెరమీదికి వస్తాడు. పేరు నాలిక చివర ఆడుతుంటుంది. రేలంగా? ఛ, కాదు. చదలవాడా? కాదు. అల్లు రామలింగయ్యా? కానే కాదు. అరగంట తర్వాత అన్నం కలుపుకుంటుంటే రమణారెడ్డి అని దానంతటదే ఊడిపడుతుంది. జేమ్స్‌ను ఆశ్చర్యపరిచింది ఆ ఊడిపడడం కన్నా అంతకు ముందరి 'కాదు'లే. సరైన పేరు తెలియని మనిషికి తప్పు పేర్లు తప్పని ఎలా తెలుస్తోంది? మనసులో ఏర్పడిన ఆ ఖాళీ వట్టి ఖాళీ కాదనీ, దానికంటూ ఒక ఆకారం ఉందనీ, సరిపడని పేరును అది వెంటనే తోసేస్తుందనీ ఆయన రాశాడు. ఒక పేరు మరిచిపోయిన ఖాళీలో మరో పేరు ఇమడదు.

పద్యమో కథో రాసేవారికి ఇది కొత్త సంగతి కాదు. వాక్యం మధ్యలో ఒక మాట దగ్గర ఆగిపోతారు. కావలసిన మాట ఏమిటో తెలియదు. 'విషాదం' కాదు, 'దిగులు' దగ్గరగా ఉంది గానీ కాదు, 'బెంగ' మరీ ఇంటి మాట. రాయని మాట ఒకటి ఎక్కడో ఉండి ఈ మూడింటినీ పరీక్ష తప్పిస్తోంది. పేరు మరిచిపోయినవాడికి ఎక్కడో ఒక పేరంటూ ఉంది. కవి వెతికే మాటకు ఆ భరోసా కూడా లేదు. అది దొరికేదాకా లేదనే చెప్పాలి. లేని దానితో ఉన్నవాటిని పోల్చి కాదనడం ఎలా సాధ్యమో జేమ్స్ తర్వాత ఎన్ని ప్రయోగశాలలు వెలసినా తృప్తిగా చెప్పినవారు లేరు.

మన ఆలంకారికులు ఎలా సాధ్యమన్న ప్రశ్న జోలికి పోలేదు, ఎలా చెయ్యాలన్నది చెప్పారు. దాదాపు పన్నెండు వందల ఏళ్ల కిందట కాశ్మీరంలో కావ్యాలంకార సూత్రాలు రాసిన వామనుడు కవికి కావలసిన సామగ్రిని లెక్కపెడుతూ ప్రతిభతో పాటు మరికొన్నింటిని ఒకే గాట కట్టాడు. మంచి కావ్యాలతో పరిచయం, రాయాలన్న పట్టుదల, పెద్దల దగ్గర శుశ్రూష వాటిలో ఉన్నాయి. అవేక్షణం అని ఒకటి ఉంది. మాటను పెట్టడం, తీసేయడం, మళ్లీ పెట్టడం అన్నమాట. మనసు ఉయ్యాలలా ఊగుతున్నంతసేపూ ఈ పెట్టడం తీయడం సాగుతూనే ఉంటుందనీ, కదపడానికి వీల్లేకుండా మాట నిలబడిన నాడు సరస్వతి సిద్ధించినట్టనీ ఆ సంప్రదాయం చెబుతుంది. కవికి కావలసిన ఏకాగ్రతను కూడా వామనుడు ఈ పట్టీలోనే చేర్చి దానికి చోటూ వేళా నిర్ణయించాడు. చోటు ఏకాంతం, వేళ రాత్రి నాలుగో జాము.

ఆ ఏకాగ్రతకు ఆయన పెట్టిన పేరు అవధానం. ఆ పెద్దమనిషిని ఇప్పుడు తెచ్చి ఏ కల్యాణ మండపంలోనో మైకుల ముందు కూర్చోబెట్టి, పక్కన ఒకాయన గంట కొడుతుంటే, ఇంకొకాయన వంకాయ కూర అడుగుతుంటే, అవధానం అంటే ఇదేనయ్యా అని చూపిస్తే ఏమనేవాడో.

రాజశేఖరుడు మరో వంద ఏళ్లకు వచ్చాడు. కనౌజు ఆస్థానంలో ఉంటూ కావ్యమీమాంస రాశాడు. ప్రతిభను రెండుగా విడదీసింది ఆయనే. రాయించేది కారయిత్రి, రుచి చూసేది భావయిత్రి. మొదటిది కవిదీ రెండోది పాఠకుడిదీ అని మనం పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నాం. రాజశేఖరుడు అంత తేలిగ్గా వదల్లేదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండగలవా అన్న వాదం కూడా ఎత్తుకున్నాడు. రాసే చెయ్యి, రుచి చూసే నాలిక ఒకరివే అయితే రాసేవాడు తనకు తానే పృచ్ఛకుడు కావాలి. కొందరు కాగలరు. చాలామంది కాలేరు, కాలేమన్న సంగతి కూడా వాళ్లకు తెలియదు. భావయిత్రి నిద్రపోయిన కవి సంకలనాల మీద సంకలనాలు వేసుకుంటూ పోతాడు. కారయిత్రి ఎండిపోయి భావయిత్రి ఒక్కటే మేలుకుని ఉన్నవాడి అవస్థ ఇంకా కష్టం. అన్నీ తెలిసి ఒక్క వాక్యం ముందుకు పోదు.

విచిత్రంగా ఈ 'కాదు' ప్రయోగశాలలో కూడా తలెత్తింది. 1983లో కాలిఫోర్నియాలో బెంజమిన్ లిబెట్ అనే శాస్త్రవేత్త కొందరిని కూర్చోబెట్టి, ఇష్టం వచ్చినప్పుడు చెయ్యి కదపమన్నాడు. కదపాలని అనిపించిన క్షణాన్ని ఎదురుగా గడియారంలా తిరిగే చుక్కను చూసి గుర్తు పెట్టుకోమన్నాడు. మెదడులో ఆ కదలికకు సన్నాహం చెయ్యి కదలడానికి అరసెకను ముందే మొదలైనట్టు తేలింది. కదపాలనుకున్నామన్న ఎరుక కలిగింది మాత్రం సెకనులో అయిదో వంతు ముందు. అంటే మనం అనుకునేలోపే పని మొదలైపోయిందన్నమాట. మనిషికి ఇచ్ఛ అనేదే లేదని కొందరు తీర్పు చెప్పేశారు. లిబెట్ మాత్రం ఒక కిటికీ తెరిచి ఉంచాడు. మొదలుపెట్టడం ఎరుక చేతిలో లేకపోయినా, ఆ మిగిలిన కాస్త వ్యవధిలో ఆపడం దాని చేతిలో ఉందని ఆయన వాదన. దీని మీద నలభై ఏళ్లుగా తగాదా నడుస్తోంది. ఆ సన్నాహం అనుకున్నది మెదడులో ఎప్పుడూ ఉండే ఎగుడుదిగుళ్ల నీడ మాత్రమే కావచ్చని 2012లో ఆరన్ షర్గర్ బృందం చూపించింది. కనుక లిబెట్‌ను పట్టుకుని కవిత్వానికి శాస్త్రప్రమాణం తెచ్చామని సంబరపడడం తొందరపాటే. వేలు కదపడం వేరు, కందం చెప్పడం వేరు. అయినా పుట్టించడం మనది కాకపోయినా ఆపడం మనదన్న ఆలోచన ఇంత దూరం నుంచి వచ్చి నిషిద్ధాక్షరి పక్కన కూర్చోవడం ముచ్చటగా ఉంది.

ఎదురుప్రశ్న ఒకటి వెంటనే వస్తుంది. రాగం అందుకుని మనోధర్మంతో సాగిపోయే విద్వాంసుడు ఎక్కడ ఆగి ఎక్కడ కాదంటున్నాడు? స్వరకల్పనలో వెనక్కి వెళ్లి దిద్దుకునే వీలెక్కడిది? 2008లో చార్లెస్ లింబ్, ఆలెన్ బ్రాన్ అనే పరిశోధకులు జాజ్ పియానో కళాకారులను ఎమ్మారై యంత్రంలో పడుకోబెట్టి, ఒళ్లో చిన్న కీబోర్డు పెట్టి వాయించమన్నారు. కంఠస్థం చేసిన ముక్క వాయించినప్పుడు ఒక తీరు, అప్పటికప్పుడు కల్పించి వాయించినప్పుడు మరో తీరు కనిపించింది. కల్పించేటప్పుడు మెదడు ముందుభాగంలో మనల్ని మనం కనిపెట్టుకుని ఉండే ప్రాంతాల చురుకు తగ్గింది. కాపలా మనిషి కునుకు తీసినప్పుడే సంగీతం పుడుతోందని దీన్ని చూసి చాలామంది సంతోషించారు. ఆరుగురు వాయిద్యకారుల మీద చేసిన పరిశీలన మీద అంత మేడ కట్టక్కర్లేదు గానీ, కనిపించింది అబద్ధమూ కాదు.

మనకు తోచేదేమంటే, ఆ పియానో కళాకారుల 'కాదు'లు ఆ గదిలోకి రాకముందే అయిపోయాయి. ఏళ్ల తరబడి సాధనలో లక్షసార్లు తప్పు స్వరం మీద పడి వెనక్కి వచ్చిన వేళ్లు అవి. బియ్యంలో రాళ్లు ఏరే ఇల్లాలి చెయ్యి చూడండి. నోరు పక్కింటావిడతో కబుర్లాడుతుంటుంది, కళ్లు వీధిలోకి ఉంటాయి, చేటలో చెయ్యి మాత్రం రాయి తగలగానే ఆగుతుంది. ఆపాలని ఆమె అనుకోలేదు. అనుకోవడం అనే మెట్టు ఏనాడో దిగిపోయింది. అవధాని పద్యం చెబుతూనే ఎన్ని గంటలు మోగాయో లెక్క కట్టేదీ ఇలాగే. సభ ముగిశాక ఆయన చెప్పిన సంఖ్య సరిపోతుంది. ఆ లెక్క కట్టింది ఆయనలో ఎవరు, పద్యం కట్టింది ఎవరు, ఇద్దరూ ఒకరికొకరు తగలకుండా ఎలా తిరిగారు అని అడిగితే అవధానులు నవ్వి సాధన అంటారు. దాటేసే జవాబులా వినిపిస్తుంది గానీ ఇంతకన్నా నిజమైన జవాబు వాళ్ల దగ్గర ఉండదు.

విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగలు ఈ కోవలోదే. 1934లో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీ కోసం, తమ్ముడు వెంకటేశ్వర్లు రాస్తుంటే ఆయన ఆశువుగా చెప్పుకుపోయారనీ, అంత పెద్ద నవల నెల తిరక్కుండానే ముగిసిందనీ ప్రసిద్ధి. ఆ వేగంలో అవేక్షణానికి తావెక్కడిది? బందరు హిందూ హైస్కూల్లో చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి శిష్యరికంలో పద్యాలు చెప్పి చెప్పి అలవాటైన గొంతు అది. కాదనవలసినవి చాలావరకు అక్కడే కాదనిపించుకుని ఉంటాయి. అదే విశ్వనాథ రామాయణ కల్పవృక్షం మీద దశాబ్దాలు కూర్చున్నారు. నెలలోపు పొంగిందీ, దశాబ్దాలు ఊరిందీ ఒకే మనసు. నవల వేగంలో జారిపోయిన వదులు వాక్యాలు కల్పవృక్షంలో కనిపించవు కూడా. ఈ మాట అన్నందుకు వేయిపడగలు అభిమానులు మన్నించాలి.

కలలో వచ్చిందని చెప్పుకున్న రచనల సంగతీ ఒకసారి తేల్చుకోవాలి. ఆంగ్లకవి కోల్‌రిడ్జ్ తన కుబ్లా ఖాన్ కావ్యఖండం 1797లో మందు మత్తులో నిద్రపోతే రెండు మూడు వందల పంక్తులుగా కలలో వచ్చిందనీ, లేచి రాసుకుంటుంటే పోర్లాక్ ఊరి నుంచి పనిమీద వచ్చిన మనిషి గంటకు పైగా ఆపేయడంతో మిగిలింది చెదిరిపోయిందనీ 1816లో అచ్చు వేసినప్పుడు ముందుమాటలో రాశాడు. మిగిలినవి 54 పంక్తులు. ప్రపంచ సాహిత్యంలో ఆ పోర్లాక్ మనిషి తిన్నన్ని తిట్లు ఎవరూ తినలేదు. ఈ కవిత చేతిరాత ప్రతి ఒకటి తర్వాత బయటపడి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అచ్చు ప్రతితో పోలిస్తే అందులో కొండ పేరు వేరు. రాజు ప్రాకారం కట్టించిన నేల చేతిరాతలో పన్నెండు మైళ్లుంటే అచ్చులో పది మైళ్లయింది. కలకు పన్నెండు బాగానే ఉంది. మేలుకున్న చెవికి నచ్చలేదు.

జేమ్స్ జాయిస్ యులిసిస్ మరీ చిత్రం. 1904 జూన్ 16న డబ్లిన్‌లో ఒక్క రోజు కొందరి మనసుల్లో దొర్లిన ఆలోచనలను అడ్డూఅదుపూ లేకుండా పరిచినట్టు కనిపించే ఆ నవల చివర 1914 నుంచి 1921 దాకా అని తేదీలు వేసుకున్నాడు ఆయన. ఒక రోజు మనసును అదుపు లేనట్టు చూపించడానికి ఏడేళ్ల అదుపు కావలసి వచ్చింది. ఉస్మానియా హాస్టల్లో రవి అనే విద్యార్థి ఒక్క రోజు మనసును నవీన్ 1969లో అంపశయ్యగా తెచ్చినప్పుడు తెలుగు పాఠకులు ఉలిక్కిపడ్డారు. మనసులో మాట ఇలా విప్పేయవచ్చా అన్నారు. విప్పేసినట్టు అనిపించడమే అందులోని పనితనం. నిజంగా ఒక కుర్రాడి బుర్రలో రోజంతా తిరిగేది రాస్తే పది పేజీలు చదవలేం.

ఇంతదాకా 'కాదు' అన్న మాటను నెత్తిన పెట్టుకున్నాం. దానికి ఇంకో మొహం ఉంది. జయదేవుడి కథ అందరూ ఎరిగిందే. గీతగోవిందంలో కృష్ణుడు రాధ పాదాన్ని తన తలమీద పెట్టమని వేడుకునే ఊహ తట్టింది. దేవుడి తల మీద ఆడమనిషి కాలా? భయపడి రాయలేక స్నానానికి వెళ్లిపోయాడు. కృష్ణుడే జయదేవుడి రూపంలో వచ్చి ఆ పంక్తి పూరించి, పద్మావతి పెట్టిన అన్నం తిని వెళ్లాడని కథ. పోతన గజేంద్ర మోక్షం దగ్గర ఆగిపోతే రాముడు వచ్చి పూర్తి చేశాడన్న కథ మనకూ ఉంది. రెండూ ఒకే కథలా చెబుతారు గానీ కాదు. పోతనకు మాట తట్టలేదు. జయదేవుడికి తట్టింది, తట్టినదాన్ని ఆయనే తోసేశాడు. ఆ తోసివేత రుచి చేసిన పని కాదు. నలుగురూ ఏమనుకుంటారోనన్న జంకు చేసిన పని.

రాసేవాడి లోపల ఈ రెండు 'కాదు'లూ ఒకే గొంతుతో మాట్లాడతాయి. చిక్కంతా అక్కడే. కొట్టివేత ఎందుకు పడిందో కాగితం చెప్పదు. మాట బలహీనంగా ఉందనా, మాట నిజంగా ఉందనా? కులం గురించి రాయబోయి మెత్తబడిన వాక్యాలు, పెళ్లి గురించి రాయబోయి ఉపమానంలోకి జారుకున్న కవితలు మన సాహిత్యంలో తక్కువేం లేవు. వాటిని కొట్టేసిన చెయ్యి తనను రుచి అనే అనుకుని ఉంటుంది. వామనుడి పట్టీలో దీనికి మందు కనిపించదు. జయదేవుడి కథ కట్టినవాళ్లు మాత్రం ఒక ఉపాయం చెప్పారు. భయం పలికించిన 'కాదు'ను తోసిపుచ్చడానికి ఇంకొకరు రావాలి. కథలో దేవుడు వచ్చాడు. మామూలు రోజుల్లో స్నేహితుడు వస్తే చాలు.

ఇంకొకరు వస్తే రుచి కూడా బాగుపడుతుంది. టి.ఎస్. ఎలియట్ వేస్ట్ లాండ్ రాసి స్నేహితుడు ఎజ్రా పౌండ్ చేతిలో పెడితే, ఆయన దాదాపు సగం కొట్టేశాడు. నాలుగో భాగంలో ఓడ ప్రయాణం అంతా పోయి పది పంక్తులు మిగిలాయి. 1922లో ప్రపంచం చదివింది ఆ మిగిలినదాన్నే. కొట్టివేతలతో ఉన్న అసలు ప్రతి 1971లో యథాతథంగా అచ్చయినప్పుడు పౌండ్ పెన్సిలు ఎక్కడెక్కడ తిరిగిందో అందరూ చూశారు. ఎలియట్ ఆ కావ్యాన్ని పౌండ్‌కే అంకితం ఇచ్చాడు. తెలుగు కవి ఎవరైనా తన పుస్తకంలో సగం కొట్టేసిన స్నేహితుడితో ఆ తర్వాత మాట్లాడతాడా అన్నది వేరే సంగతి. మన దగ్గర పుస్తకానికి ముందుమాట రాసేవారు నలుగురు దొరుకుతారు. రాతప్రతి చదివి ఈ పదకొండు కవితలు తీసేయమనేవారు ఒక్కరు దొరకడం కష్టం. దొరికినా ఆ పుస్తకావిష్కరణకు వారిని పిలవరు.

అష్టావధానంలో చవట పృచ్ఛకుడు ఎదురైతే అవధానికి ఎంత నష్టమో తెలిసినవారికి తెలుసు. పెద్దాయన కదా అని మొహమాటపడి, ఎటూ రాని అక్షరాన్ని నిషేధించి, పద్యం సాఫీగా పూర్తి కానిస్తాడు. చప్పట్లు పడతాయి. నీరు నీరుగానే మిగిలిపోతుంది. శతావధానాల రోజుల్లో తిరుపతి వెంకట కవులకు ఎదురైన పృచ్ఛకులు అంత మెతకవాళ్లు కారు. పండితులు, శత్రువులు, సంస్థానాల్లో పరీక్ష పెట్టడానికే కూర్చున్నవాళ్లు. అయితే ఆ ఇద్దరికీ వాళ్లకన్నా గట్టి పృచ్ఛకుడు ఇంట్లోనే ఉన్నాడు, ఒకరికొకరు. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి చర్ల బ్రహ్మయ్యశాస్త్రి దగ్గర కలిసి చదువుకుని, కలిసి పద్యాలు చెప్పి, ఏ పాదం ఎవరిదో చెప్పకుండా జంట పేరుతో వేశారు. వాళ్ల అవధాన పద్యాల కన్నా ఈనాటికీ పల్లెల్లో జనం గొంతెత్తి పాడేవి పాండవోద్యోగ నాటకాల పద్యాలే. అవధానంలో మాట నిలిచేందుకు క్షణం దొరుకుతుంది, నాటకం రాసుకునేటప్పుడు ఇద్దరు కూర్చుని ఒకరి మాటను ఒకరు కాదనుకునే తీరిక దొరుకుతుంది. ఆ తేడా ఆ పద్యాల్లో వినిపిస్తుందనుకోవడం మరీ దూరపు ఊహ కాదు.

తిరుపతిశాస్త్రి 1920లో పోయారు. వెంకటశాస్త్రి మరో ముప్పై ఏళ్లు బతికి, ఆస్థానకవి అయి, 1950లో పోయారు. ఆ ముప్పై ఏళ్లలో ఒంటరిగా రాసిన పద్యాలకు కూడా ఆయన తిరుపతి వెంకటీయమనే పేరు పెట్టుకున్నారు. స్నేహధర్మం అని లోకం మెచ్చుకుంది. అది నిజమే. అంతకుమించి, పక్కన కూర్చుని వద్దనేవాడి గొంతు అప్పటికే ఆయన చెవిలో స్థిరపడిపోయి ఉంటుందని, ఏ మాట రాయబోయినా తిరుపతి ఒప్పుకుంటాడా అని చూసుకునే రాసి ఉంటారని అనుకుంటే, ఆ జంట పేరు మర్యాద కోసం వేసింది అనిపించదు, లెక్క ప్రకారమే వేసిందనిపిస్తుంది.